డిస్పోజల్ మూలుగుతోందా? ప్లంబర్‌కి ఫోన్ చేసేముందు ఒకసారి సింకు కిందికి దూరండి

స్విచ్ వేయగానే సింకు కింద నుంచి "మ్మ్మ్మ్" అని మూలుగు వినిపిస్తూ లోపల ఏమీ తిరగట్లేదంటే మీ గార్బేజ్ డిస్పోజల్, అదే సింకు కింద ఉండి తిండి వ్యర్థాల్ని నలిపి నీళ్లతో పంపేసే మిషన్, చాలావరకు పోయి ఉండదు. ఏదో ఇరుక్కుని ఉంటుంది, అంతే. ముందు స్విచ్ ఆపేయండి. మూలుగుతున్నదాన్ని "ఇంకోసారి వేస్తే తిరుగుతుందేమో" అని నాలుగుసార్లు వేసి చూస్తే అప్పుడు మోటార్ వేడెక్కి నిజంగానే పోతుంది.

ఈ ముక్క తెలుసుకోవడానికి నాకు 180 డాలర్లు అయింది. డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో మేము ఇల్లు కొన్న రెండో ఏడు, అమ్మ తెనాలి నుంచి వచ్చి వారం అయిందేమో. పులిహోరకి చింతపండు పిసికి, ఆ పిప్పి అంతా "ఇందులో వేస్తే అదే నలిగిపోతుందన్నావుగా" అని సింకులో వేసి స్విచ్ నొక్కింది. "ఒరేయ్, ఇదేంట్రా, ఈనబోయే గేదెలాగా మూలుగుతోంది" అని కేకేసింది. ప్లంబర్ వచ్చాడు, సింకు కింద వెల్లకిలా పడుకున్నాడు, జేబులోంచి వంకర తిరిగిన చిన్న ఇనప పుల్ల తీసి మిషన్ అడుగున ఒక కన్నంలో పెట్టి అటూ ఇటూ తిప్పాడు. లేచి, పట్టకారుతో లోపల్నించి ఒక చింతగింజ తీసి నా అరచేతిలో పెట్టాడు. రెండు నిమిషాల పని. అమ్మ ఆ గింజని తీసుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి "దీనికా పదిహేను వేలు" అంది. ఆ మాట ఆమె ఇప్పటికీ మానలేదు.

ఆ పుల్ల పేరు ఆలెన్ కీ, పావు అంగుళం సైజు. ఆ తర్వాత మా ఇంట్లో ఒక డిస్పోజల్, స్నేహితుల ఇళ్లలో మూడో నాలుగో నేనే మార్చాను, బాగుచేసినవైతే లెక్క పెట్టలేదు. నేను ప్లంబర్ని కాదు, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనిషినే. నా చేత అయింది కాబట్టి మీ చేతా అవుతుంది. ఒక్కటి మాత్రం, మీరు అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఇవేవీ చేయకండి. మెయింటెనెన్స్‌కి రిక్వెస్ట్ పెట్టండి, ఆ మిషన్ వాళ్లది, చూసుకోవాల్సిందీ వాళ్లే.

లోపల ఏముంటుందో ముందు తెలియాలి

మిక్సీలో లాగా బ్లేడ్లు ఉంటాయని చాలామంది అనుకుంటారు. ఉండవు. అడుగున గుండ్రటి ఇనప పళ్లెం, దాని మీద అటూ ఇటూ ఊగే రెండు ఇనప ముక్కలు, గోడ చుట్టూ తురుముపీట లాంటి రింగు. పళ్లెం నిమిషానికి 1,725 సార్లు తిరుగుతుంది, ఇంకో రకం మోటార్లవి 2,600 పైనే తిరుగుతాయి. ఆ విసురుకి మనం వేసినవన్నీ గోడకి కొట్టుకుంటాయి, ఊగే ముక్కలు వాటిని రింగుకేసి రాస్తాయి, నలిగినది నీళ్లతో పాటు సందుల్లోంచి కిందికి జారిపోతుంది. అందుకని "బ్లేడ్లు పదునెక్కడానికి ఐసు ముక్కలు వేయండి" అనే చిట్కాకి అర్థం లేదు. అక్కడ పదునెక్కాల్సిన వస్తువే లేదు. ఐసు వేస్తే గోడకి పట్టిన జిడ్డు కాస్త రాలుతుంది, అందుకు వేసుకోండి.

దీన్ని కనిపెట్టింది విస్కాన్సిన్ రాష్ట్రంలో రసీన్ అనే ఊళ్లో ఉండే జాన్ హామ్స్ అనే ఆర్కిటెక్ట్, 1927లో. 1938లో ఇన్‌సింకరేటర్ కంపెనీ పెట్టాడు. చింతపిక్కలు, మునక్కాడ పిప్పి, కొబ్బరి పీచు ఆయన లెక్కలో ఉండి ఉండవు. ఆ ఊగే ముక్కకీ రింగుకీ మధ్య ఉండే సందు చూస్తే, కొలత తీసుకుని చింతగింజ కోసమే వదిలినట్టు ఉంటుంది.

మూలుగుతూ తిరగకపోతే

స్విచ్ ఆపండి. సింకు కింద ప్లగ్ ఉంటే పీకేయండి, ప్లగ్ లేకుండా వైరు నేరుగా మిషన్‌లోకి పోతుంటే గరాజ్‌లో ఉన్న కరెంటు ప్యానెల్‌లో బ్రేకర్, అంటే ఆ లైనుకి కరెంటు ఆపే స్విచ్, ఆపండి. గోడ స్విచ్ ఒక్కటీ ఆపి ఊరుకోవద్దు. మీరు లోపల పట్టకారు పెట్టి ఉండగా పిల్లలెవరో వచ్చి లైటనుకుని ఆ స్విచ్ నొక్కొచ్చు. ఎట్టి పరిస్థితుల్లోనూ చెయ్యి లోపలికి పెట్టకండి.

ఇప్పుడు సెల్‌ఫోన్ టార్చ్ పట్టుకుని కిందికి దూరి మిషన్ అడుగు చూడండి. సరిగ్గా మధ్యలో ఆరు పలకల కన్నం ఉంటుంది, పక్కన చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. కన్నంలో ఆలెన్ కీ పెట్టి ఒకవైపుకి తిప్పండి. గట్టిగా ఆగిపోతే రెండో వైపుకి తిప్పండి. అటు కొంచెం, ఇటు కొంచెం, పాత తాళంలో చెవి తిప్పినట్టు. ఏదో ఒక దఫాలో "టక్" మని వదులైన సంగతి మీ వేళ్లకే తెలుస్తుంది. తర్వాత పూర్తిగా రెండు మూడు చుట్లు తిరిగితే పని అయినట్టే. పైకి వచ్చి, టార్చ్ వేసి చూస్తూ, పొడుగు పట్టకారుతో ఆ ఇరుక్కున్నదేదో బయటికి తీయండి. మా ఇంట్లో ఇప్పటిదాకా దొరికినవి: చింతగింజలు, ఒక బేబీ స్పూను, మటన్ ఎముక, కుక్కర్ సేఫ్టీ వాల్వు, తాళిబొట్టు గొలుసుకి పెట్టే పిన్నీసు.

కొన్ని కంపెనీల మోడళ్లకి అడుగున కన్నం ఉండదు. వాటికి పైనుంచి చీపురు కర్ర పెట్టి, పళ్లెం మీది ఊగే ముక్కకి ఆనించి పక్కకి నెట్టాలి. ఇనప రాడ్డు కాదు, చెక్క కర్ర.

చివరగా ఎర్ర బటన్. మోటార్ వేడెక్కితే అది తనంతట తానే బయటికి పొడుచుకొస్తుంది. ఓ పది నిమిషాలు చల్లారనిచ్చి లోపలికి నొక్కండి, "క్లిక్" మని కూర్చోవాలి. ప్లగ్ పెట్టి, చన్నీళ్లు వదిలి, స్విచ్ వేయండి. నూటికి తొంభై ఇళ్లలో కథ ఇక్కడితో అయిపోతుంది అంటాను నేను, ఇది నా అనుభవం మాత్రమే, సర్వే ఏమీ చేయలేదు.

కీ చక్కగా తిరుగుతోంది, ఏదీ ఇరుక్కోలేదు, అయినా స్విచ్ వేస్తే మూలుగే అంటే మోటార్‌ని మొదట తిప్పే భాగం పోయినట్టు. దాన్ని విప్పి బాగుచేయడం ఇంట్లో పని కాదు, చేసినా గిట్టుబాటు కాదు. కొత్తది చూసుకోండి.

అసలు చప్పుడే లేకపోతే

మూలుగు కూడా లేదంటే చాలాసార్లు కరెంటు అందకపోవడమే కారణం. ముందు ఆ ఎర్ర బటనే. తర్వాత ప్యానెల్‌లో బ్రేకర్. తర్వాత, చాలామంది మర్చిపోయేది, సింకు కింద లేదా కౌంటర్ మీద ఉండే జీఎఫ్‌సీఐ అవుట్‌లెట్, అదే షాక్ కొట్టకుండా తనంతట తానే కరెంటు ఆపేసేది, టెస్ట్, రీసెట్ అని రెండు బుల్లి బటన్లు ఉండేది. దాని రీసెట్ నొక్కి చూడండి. అప్పటికీ లేకపోతే డిస్పోజల్ ప్లగ్ పీకి అదే రంధ్రాల్లో టేబుల్ లైటు పెట్టి గోడ స్విచ్ వేయండి. సింకు కింద అవుట్‌లెట్‌లో సాధారణంగా సగం డిష్‌వాషర్‌ది, అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, మిగతా సగమే గోడ స్విచ్ మీద నడుస్తుంది. లైటు ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి, లేకపోతే అవతలి సగంలో పెట్టి "కరెంటు వస్తోందే" అని తల గోక్కుంటారు. లైటు వెలిగి డిస్పోజల్ నోరెత్తకపోతే మిషన్ పోయింది. లైటే వెలగకపోతే గోడ స్విచ్చో వైరో చూడాలి.

ఎర్ర బటన్ నొక్కినప్పుడల్లా నిమిషంలో మళ్లీ బయటికొస్తుంటే, లోపల ఏమీ ఇరుక్కోకుండానే, మోటార్‌కి కాలం దగ్గరపడింది.

తిరుగుతోంది కానీ నీళ్లు దిగట్లేదు

ఇది డిస్పోజల్ తప్పు కాదు, దాని తర్వాత ఉన్న పైపులో అడ్డం. రెండు గిన్నెల సింకు అయితే ఒకవైపు స్విచ్ వేస్తే రెండోవైపు నుంచి మురికి నీళ్లు పైకి తన్నుకొస్తాయి. ఎక్కువగా అడ్డం పడేది సింకు కింద వంపు తిరిగిన పీ ట్రాప్ అనే పైపు ముక్కలో, లేదా గోడలోకి పోయే పైపు మొదట్లో.

మన ఇళ్లలో దీనికి మొదటి ముద్దాయి అన్నం. డిస్పోజల్ అన్నాన్ని బ్రహ్మాండంగా నలుపుతుంది, బాధే అది. నలిగిన అన్నం అంటే గంజి పెట్టినట్టే, వంపులో పేరుకుని బంకలా గట్టిపడుతుంది. నేను ఒక స్నేహితుడింట్లో ట్రాప్ విప్పితే లోపల నుంచి తెల్లగా, గుండ్రంగా, పైపు ఆకారంలోనే ఇడ్లీ లాంటిది బకెట్‌లో పడింది. సత్యనారాయణ వ్రతం మర్నాడు. యాభైమంది ప్లేట్లు ఆ సింకులోనే కడిగారు. పైగా పోపు నూనె, నెయ్యి. వేడి మీద ఉన్నప్పుడు నెయ్యి నీళ్లలాగే పోతుంది, పైపులోకి వెళ్లి చల్లబడి గోడకి అతుక్కుంటుంది, దాని మీద అన్నం, దాని మీద కాఫీ పొడి.

మునక్కాడ పిప్పి, గోంగూర కాడలు, అరటి తొక్క, మొక్కజొన్న పొత్తు మీది పొట్టు, అల్లం పీచు, ఉల్లిపొర, వీటి బాధ వేరు. ఇవి నలగవు, తాళ్లలా పేనుకుని ఊగే ముక్కలకి చుట్టుకుంటాయి. కరివేపాకు రెబ్బలో ఆకు పర్వాలేదు, ఈనె వేయకండి. మామిడి టెంక గురించి చెప్పక్కర్లేదనుకుంటాను, కానీ వేసినవాళ్లు నాకు తెలుసు.

బాగుచేయడం ఇలా. సింకులో నీళ్లు చెంబుతో తోడేయండి. డిష్‌వాషర్ గొట్టం డిస్పోజల్‌కి కలిసేచోట దాన్ని ఒక క్లాంపుతో నొక్కిపెట్టండి, లేకపోతే మురికంతా డిష్‌వాషర్‌లోకి పోతుంది. రెండో గిన్నె కన్నాన్ని తడిగుడ్డతో మూసి, డిస్పోజల్ వైపు ప్లంజర్‌తో పది పదిహేనుసార్లు గట్టిగా కొట్టండి. బాత్‌రూమ్ ప్లంజర్ కాదు, వంటింటికి విడిగా ఒకటి కొనుక్కోండి, అది కూడా నేను చెప్పాలా. దిగకపోతే కింద బకెట్ పెట్టి, పీ ట్రాప్‌కి రెండువైపులా ఉన్న నట్లు చేత్తో తిప్పి విప్పండి, ప్లాస్టిక్‌వైతే చేత్తోనే వస్తాయి. లోపలిది బకెట్‌లో దులిపి, ట్రాప్‌ని పెరట్లో పైపు కింద కడిగి, వాషర్లు ఏ వైపు ఉన్నాయో అలాగే పెట్టి మళ్లీ బిగించండి. ట్రాప్ శుభ్రంగా ఉందంటే అడ్డం గోడలో ఉంది. అప్పుడు డ్రెయిన్ స్నేక్ అనే తీగ కొని గోడ పైపులోకి దూర్చాలి.

షాపులో అమ్మే డ్రెయిన్ క్లీనర్ ద్రావకాలు పోయకండి. డిస్పోజల్ లోపలి భాగాలు, రబ్బర్లు పాడవుతాయి, అంతకంటే ముఖ్యం, అది పోశాక కూడా దిగకపోతే అప్పుడు మీరు ట్రాప్ విప్పుతారు, ఆ మందు నీళ్లన్నీ మీ మొహం మీదే పడతాయి.

సెప్టిక్ ట్యాంక్ ఉన్న ఇల్లయితే దీన్ని వీలైనంత తక్కువ వాడండి. ట్యాంక్ తొందరగా నిండుతుంది.

వాసన గురించి ఒక్క మాట. నిమ్మచెక్కలు, బేకింగ్ సోడా అన్నీ వేసినా కంపు పోవట్లేదంటే కంపు లోపల లేదు, సింకు కన్నం దగ్గర ఉండే నల్ల రబ్బరు రేకుల అడుగు పక్కన ఉంది. ప్లగ్ పీకి, ఆ రేకుల్ని పైకి మడిచి, పాత టూత్‌బ్రష్‌తో డిష్ సోప్ వేసి తోమండి. ఏం బయటికొస్తుందో నేను వర్ణించను, భోంచేసి చదువుతుంటారు.

కారుతోంది, ఎక్కడి నుంచి?

క్యాబినెట్ అడుగు తడిగా ఉంటే వెంటనే కొత్తది ఆర్డర్ చేయకండి, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో పట్టుకోవాలి. అంతా గుడ్డతో పొడిగా తుడవండి. డిస్పోజల్ కన్నానికి మూత బిగించి సింకులో నాలుగంగుళాల నీళ్లు పట్టి రంగు కలపండి. ఇక్కడివాళ్లు ఫుడ్ కలర్ వేస్తారు, నేనైతే అర చెంచా పసుపు వేస్తాను, స్టీలు సింకుకి ఏమీ కాదు. తెల్ల సింకో తెల్ల క్వార్ట్జ్ కౌంటరో ఉంటే మాత్రం ఈ తెలివి వద్దు, మరక పోక ఇంట్లో గొడవైపోతుంది. ఇప్పుడు కిందికెళ్లి పొడి తెల్ల టిష్యూతో పైనుంచి కిందికి ఒక్కో అతుకూ అద్దుతూ రండి. టిష్యూ ఎక్కడ పచ్చబడితే అక్కడే కారుతున్నట్టు. మొదట పైన, సింకుకి అంటుకున్నచోట. అక్కడ పొడిగా ఉంటే మూత తీసి నీళ్లు వదిలి మిగతా అతుకులు చూడండి.

పైన కారితే కింద ఉన్న మూడు మౌంటింగ్ బోల్టులు వదులయ్యాయేమో చూసి సమంగా బిగించండి. ఆగకపోతే పుట్టీ (గోడలకి పూసేది కాదు, అతుకులో నీళ్లు కారకుండా పెట్టే ప్లంబర్ పుట్టీ అనే మెత్తటి ముద్ద) ఎండిపోయింది, దించి కొత్త పుట్టీ పెట్టాలి. పక్కన డిష్‌వాషర్ గొట్టం దగ్గర అయితే క్లాంపు బిగిస్తే చాలు. మురికినీళ్ల పైపు అతుకు దగ్గర అయితే అక్కడి రబ్బరు గాస్కెట్ మార్చండి, రెండు మూడు డాలర్ల వస్తువు. ఎర్ర బటన్ దగ్గర, మిషన్ అడుగు నుంచి చుక్కలు పడుతుంటే మాత్రం లోపలి సీలు పోయింది, నీళ్లు మోటార్‌లోంచి వస్తున్నాయి. దానికి మందు లేదు. ఆ క్షణం నుంచి స్విచ్ ముట్టుకోకండి, షాపుకి వెళ్లండి.

కొత్తది కొనేముందు

మూడో వంతు హార్స్‌పవర్ నుంచి ఒక హార్స్‌పవర్ దాకా దొరుకుతాయి. బిల్డర్లు పెట్టే చవకరకం సాధారణంగా అర లోపే. రోజూ రెండు పూటలా వండే ఇంటికి నా మాట వింటే ముప్పావు తీసుకోండి. ఒక హార్స్‌పవర్ కొంటే ఎముకలు కూడా నలుగుతాయని అమ్మేవాళ్లు అంటారు, నలగొచ్చు, కానీ పైపు అదే ఒకటిన్నర అంగుళం పైపు కదా.

పవర్ కన్నా ముఖ్యమైనవి రెండు. ఒకటి మౌంట్, అంటే మిషన్‌ని సింకుకి తగిలించే బిగింపు. పాతది ఏ రకంతో తగిలించి ఉందో ఫోటో తీసుకోండి. మూడు బోల్టుల రకమైతే, అదే కంపెనీది అదే మౌంట్‌ది తెచ్చుకుంటే సింకులో ఉన్న పాత రింగు కదపక్కర్లేదు, పాతది దించి కొత్తది అక్కడే తగిలించేయొచ్చు, అరగంట పని. అది కారకుండా ఉంటేనే సుమా. రెండోది ఎత్తు. పెద్ద మిషన్లు పొడుగ్గా ఉంటాయి, దాని నీళ్లు బయటికొచ్చే మూతి, గోడలో ఉన్న పైపు కన్నా కిందికి దిగిపోతే నీళ్లు ఎక్కిపోవు కదా, మిషన్‌లోనే నిలిచి కంపు కొడతాయి. సింకు అడుగు నుంచి గోడ పైపు మధ్య దాకా ఎంతుందో టేపుతో కొలిచి, పెట్టె మీద రాసి ఉన్న కొలతతో పోల్చుకోండి. చాలామందికి కరెంటు తీగ విడిగా కొనాలని తెలియదు, ఎన్నో మోడళ్లకి ప్లగ్ వైరు పెట్టెలో ఉండదు.

ఇండియాకి తిరిగి వెళ్లిపోతూ హైదరాబాద్ ఇంట్లో పెట్టుకుందామని ఇక్కడి మిషన్ సూట్‌కేసులో పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. ఇది 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌ది, అక్కడ 230, 50.

పాతది దించడం

బ్రేకర్ ఆపి, స్విచ్ వేసి చప్పుడు లేదని చూసుకోండి. బకెట్ పెట్టి ట్రాప్ విప్పండి, మిషన్ నుంచి వచ్చే పైపు విప్పండి, డిష్‌వాషర్ గొట్టం క్లాంపు వదులు చేసి లాగేయండి. మిషన్ బరువు పదిహేను ఇరవై పౌన్లు ఉంటుంది, ఆఖరి క్షణంలో ధబేల్‌మని పడుతుంది. అందుకే కింద పెయింట్ డబ్బానో, రెండు లావుపాటి పుస్తకాలో పేర్చి పెట్టండి. మిషన్ మెడ దగ్గర ఉన్న రింగుకి మూడు చెవులుంటాయి, అవి పైన సింకుకి బిగించి ఉన్న మూడు బోల్టుల రింగు మీద వాలుగా ఉన్న గాడిలో ఎక్కి బిగుస్తాయి. ఒక చెవిలో స్క్రూడ్రైవర్ పెట్టి, ఆ వాలు ఎటు దిగుతోందో అటు తిప్పండి. ఏళ్లుగా కదలనిది, మొదట మొరాయిస్తుంది, సుత్తితో స్క్రూడ్రైవర్ మీద చిన్నగా కొడితే కదులుతుంది.

మౌంట్ కూడా మార్చాలంటే మూడు బోల్టులు వదులు చేసి, కింద ఉన్న తీగ రింగుని చదును స్క్రూడ్రైవర్‌తో ఎగదన్ని తీసేయండి. అన్నీ జారి కిందికొస్తాయి. సింకులో ఉన్న స్టీలు మూతిని కింద నుంచి పైకి తట్టి తీసి, అక్కడ ఎండిపోయిన పాత పుట్టీని ప్లాస్టిక్ గరిటెతో మిగల్చకుండా గీకండి. ఇక్కడ బద్ధకిస్తే రేపు అక్కడే కారుతుంది.

కొత్తది ఎక్కించడం

పుట్టీని చేతుల్లో నలిపి చేగోడీకి పిండి సాగదీసినట్టు సాగదీయండి, చిటికెన వేలంత లావు. స్టీలు మూతి అంచు కింద చుట్టూ అతికించి, మూడున్నర అంగుళాల సింకు కన్నంలో కూర్చోబెట్టి గట్టిగా నొక్కండి. అంచు చుట్టూ పుట్టీ కాస్త బయటికి ఉబికితే సరిగ్గా కూర్చున్నట్టు, అదనపుది తర్వాత తుడుచుకోవచ్చు. గ్రానైట్ లాంటి రాతి సింకైతే పుట్టీ వద్దు, అందులోని నూనె రాతికి మరక పడుతుంది, సిలికాన్ వాడండి. పైన ఒకరు మూతిని కదలకుండా పట్టుకుంటే మంచిది, లేదా పాత డిస్పోజల్‌ని కిందికి టవల్ వేసి దాని మీద బరువుగా పెట్టండి, పోతూ పోతూ అది చేసే ఆఖరి ఉపకారం.

కింద నుంచి వరుస: ముందు అట్ట లాంటి గాస్కెట్, తర్వాత చదునైన ఇనప రింగు, తర్వాత మూడు బోల్టులున్న రింగు, చివర్న తీగ రింగు. ఈ తీగ రింగు గాడిలో కూర్చోబెట్టడమే మొత్తం పనిలో కష్టం. నా బొటనవేళ్లు రెండూ ఎర్రబడితే గానీ "టక్" మనలేదు. మొదటిసారి అయితే ఓ ఇరవై నిమిషాలు దానికే పోతాయి, కంగారు పడకండి. తర్వాత మూడు బోల్టుల్ని ఒక్కొక్కటీ కొంచెం కొంచెం, కారు చక్రం నట్లు బిగించినట్టు, సమంగా బిగించండి.

మిషన్ ఇంకా నేల మీద ఉండగానే రెండు పనులు అయిపోవాలి. మొదటిది డిష్‌వాషర్ బిరడా. కొత్త డిస్పోజల్ పక్కన డిష్‌వాషర్ గొట్టం పెట్టే మూతి లోపల ప్లాస్టిక్ బిరడాతో మూసి వస్తుంది. డిష్‌వాషర్ కలిపేవాళ్లు మిషన్‌ని పక్కకి పడుకోబెట్టి, మూతిలో స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో ఒక దెబ్బ వేస్తే బిరడా ఊడి లోపల పడుతుంది, దాన్ని బయటికి దులిపేయాలి. నేను మొదటిసారి ఇది మర్చిపోయాను. అన్నీ బిగించి, గర్వంగా ఫోటో తీసి వాట్సాప్‌లో కూడా పెట్టాను. ఆ రాత్రే డిష్‌వాషర్ అడుగున నీళ్లు దిగకుండా చెరువు. గొట్టం పీకి, సింకు కింద ముడుచుకుని పడుకుని, పక్క నుంచి స్క్రూడ్రైవర్‌తో పొడిచి, బిరడాని పైనుంచి పట్టకారుతో తీసేసరికి పన్నెండు దాటింది. డిష్‌వాషర్ లేకపోతే ఆ బిరడా జోలికి పోకండి.

రెండోది వైరింగ్. అడుగున చిన్న రేకు ఒక స్క్రూతో ఉంటుంది, తీస్తే లోపల నలుపు, తెలుపు తీగలు, ఒక ఆకుపచ్చ స్క్రూ. వచ్చే వైరుని ముందు క్లాంపులోంచి దూర్చి బిగించండి, లాగినా ఊడకూడదు. నలుపు నలుపుతో, తెలుపు తెలుపుతో వైర్ నట్లు (తీగల కొసల్ని కలిపి బిగించే ప్లాస్టిక్ టోపీలు) పెట్టి తిప్పండి, ఆకుపచ్చ తీగో, పైపూత లేని రాగి తీగో ఆకుపచ్చ స్క్రూకి. ఒక్కో తీగనీ లాగి చూడండి. రేకు మూసేయండి. గోడ నుంచి నేరుగా వచ్చే వైరైతే వోల్టేజ్ టెస్టర్ పెన్నుతో కరెంటు లేదని చూసుకున్నాకే ముట్టుకోండి. పదిహేను డాలర్ల పెన్ను, ఇంట్లో ఉండాల్సిందే.

ఇక ఎత్తి తగిలించడం. ఛాతీ మీదో మోకాళ్ల మీదో మోపి, మూడు చెవుల్ని మూడు వాలు గాడుల్లో పట్టించి, రింగుని తిప్పండి. ముందు వదులుగానే ఉంచి, నీళ్లు బయటికొచ్చే మూతి గోడ పైపు వైపుకి తిరిగేలా మిషన్‌ని సర్దుకున్నాక చివరిదాకా బిగించండి. మురికినీళ్ల వంపు పైపుని గాస్కెట్‌తో కలిపి, ట్రాప్ తగిలించండి. ప్లాస్టిక్ నట్లు చేత్తో బిగించి, ప్లయర్స్‌తో ఇంకో పావు చుట్టు, అంతే. ఇంకా బిగిస్తే చిట్లుతాయి. డిష్‌వాషర్ గొట్టాన్ని క్లాంపుతో బిగించి, మధ్యలో దాన్ని కౌంటర్ అడుగుదాకా పైకెత్తి కట్టండి, అప్పుడు సింకు మురికి వెనక్కి పోదు.

సింకు లేదా డిస్పోజల్ కొత్తగా పెట్టుకుంటున్నవాళ్లు, అంటే గోడలో దానికి స్విచ్, కింద అవుట్‌లెట్ ఇంతవరకూ లేనివాళ్లు, ఆ కరెంటు పని ఎలక్ట్రీషియన్‌కి ఇవ్వండి. ప్యానెల్ నుంచి విడి సర్క్యూట్ లాగడం మనం చేసే పని కాదు. ఐలాండ్‌లో, అంటే వంటింటి మధ్యలో విడిగా ఉండే కౌంటర్‌లో, సింకు ఉండి గోడే లేకపోతే ఎయిర్ స్విచ్ అని వస్తుంది, కౌంటర్ మీద బటన్ నొక్కితే గాలి గొట్టం ద్వారా కింద పెట్టె పనిచేస్తుంది, తడి చేత్తో నొక్కినా భయం లేదు.

టెస్ట్ మాత్రం తొందరపడి చేయకండి. కన్నం మూసి సింకు నిండా నీళ్లు పట్టి పావుగంట వదిలేయండి, కింద టిష్యూతో పైఅతుకు చూడండి. తర్వాత మూత లాగేసి, ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా దిగుతుంటే మిగతా అతుకులన్నీ తడిమి చూడండి. పొడిగా ఉంటే బ్రేకర్ వేసి, చన్నీళ్లు వదిలి, స్విచ్ వేయండి. ఒకసారి డిష్‌వాషర్ కూడా నడిపి చూడండి. రాత్రికి క్యాబినెట్ అడుగున న్యూస్‌పేపర్ పరిచి పడుకోండి, పొద్దున్నే మడతలు పడకుండా ఉంటే అయిపోయినట్టే. పెట్టెలో వచ్చిన ఆలెన్ కీని పారేయకుండా టేపుతో క్యాబినెట్ తలుపు లోపలి వైపు అంటించండి. మా ఇంట్లో దాని పక్కనే అమ్మ ఆ చింతగింజ కూడా చిన్న జిప్‌లాక్ కవర్లో పెట్టి అంటించింది.